టేకాకు మీద సిఫారసు

ఒక పెద్ద అడవిలో, మరీ పెద్దదేం కాదులెండి, ఒక కార్యాలయమూ ఒక అధ్యక్షుడూ పదకొండు కమిటీలూ పట్టేంత అడవిలో, మృదులమ్మ అని ఒక ముళ్ళపంది ఉండేది. ఒళ్ళంతా ముళ్ళు పెట్టుకుని మృదుల ఏమిటని అడక్కండి. పేర్లు పుట్టినప్పుడు పెడతారు. అప్పటికి ఎవరి ముళ్ళూ గట్టిపడి ఉండవు.

ఆ ముళ్ళ వల్లే ఆమెకి ఉద్యోగం వచ్చింది. అంతకుముందు వేసవిలో అడవికి నోటిపుండ్ల జ్వరం సోకింది. నాలుక మీద పుండ్లు లేచి, గుక్కెడు నీళ్ళు దిగక, వారం తిరక్కుండా జంతువు కాళ్ళు చాపేసేది. ఎండలు ముదిరితే వాగులన్నీ ఎండిపోయి అందరికీ పాలమడుగు ఒక్కటే దిక్కు. జ్వరమున్నవాడు మూతి పెట్టిన నీళ్ళలోనే లేనివాడూ మూతి పెట్టాలి. అలా నలభైమంది పోయారు.

అప్పుడు కొండ అవతల ఉండే కొంగ డాక్టరుగారు టీకా మందు కనిపెట్టారు. ముల్లుని మందులో ముంచి భుజం మీద ఒక్క పోటు పొడిస్తే ఏడాదిపాటు జ్వరం దగ్గరికి రాదు. మృదులమ్మ కొండ దాటి వెళ్ళి, నెల్లాళ్ళు శిక్షణ తీసుకుని, తానూ ఒక పోటు పొడిపించుకుని వచ్చింది. వెనకాలే ముప్ఫై వెదురు గొట్టాల మందు కొంగల ముక్కులకి వేలాడుతూ వచ్చింది.

మందుకి రెండు షరతులు. గొట్టాలు తడి ఇసుకలో పాతిపెట్టి ఉంచాలి. మూత తీశాక సాయంత్రంలోగా వాడెయ్యాలి, లేకపోతే విరిగిపోతుంది. ఒక్కో గొట్టంలో పదిమందికి సరిపడా మందుంటుంది కాబట్టి, పదిమంది పోగైతేనే మూత తియ్యాలని కార్యాలయం ఒక నిబంధన పెట్టింది. నిబంధన వినడానికి బాగానే ఉంది. అసలు చిక్కంతా అందులోనే ఉంది.

ఎందుకంటే మృదులమ్మకి సన్యాసి అనే మొగుడున్నాడు. మంచివాడు, మాట వినేవాడు, కాకపోతే ఛాతీకి ఎప్పటినుంచో నెమ్ము. నాలుగడుగులు వేస్తే పిల్లికూతలు. పోయిన వేసవి జ్వరంలో అతని తమ్ముడు పోయాడు. మందుతోపాటు వచ్చిన కొంగ డాక్టరు అతని ఛాతీకి చెవి ఆనించి విని, మృదులమ్మని పక్కకి పిలిచి చెప్పాడు: "ఈయనకి గనక సోకితే నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా. ఎవరికి వేసినా వెయ్యకపోయినా ముందు ఈయనకి వెయ్యి."

ముందు ఈయనకే వేద్దామనుకుంది. కానీ మొదటి రోజు ప్రారంభోత్సవం. ప్రారంభోత్సవంలో మొదటి పోటు అధ్యక్షుడికి కాకుండా ఇంకెవరికైనా పొడిస్తే అది అడవి ఎలా అవుతుంది?

అధ్యక్షుడు ఏనుగు, పేరు పర్వతాలు. ఆయన పొద్దున్నే వచ్చి గొట్టం మూత తీయించి, మందు పక్కన పెట్టి, ఉపన్యాసం మొదలుపెట్టాడు. పూర్వం తన తాతగారు ఈ అడవికి ఏం చేశారన్న దగ్గర్నుంచి మొదలై ఆ ఉపన్యాసం మధ్యాహ్నానికి తండ్రిగారి దాకా వచ్చింది. చివరికి ఆయన భుజం చూపిస్తే, మృదులమ్మ ముల్లు విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది విరిగాక, ఊరికే ఆనించి తియ్యమని ఆయనే గుసగుసగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికి పొద్దు వాలింది, గొట్టంలో మందు పెరుగులా విరిగిపోయింది. వరసలో రెండోవాడిగా పొద్దుటినుంచీ నిలబడ్డ సన్యాసి పిల్లికూతలు కూసుకుంటూ ఇంటికెళ్ళాడు.

మర్నాటికి అడవంతా ఒకటే మాట. అధ్యక్షుడికి నిజంగా పొడవలేదట, ఉత్తినే ఆనించి తీశారట, పెద్దవాళ్ళు వేయించుకోనిది మనకెందుకట. మాట నిజమే కాబట్టి కాదనడానికి కూడా లేకపోయింది.

తర్వాత కొండముచ్చులు బయల్దేరాయి. వాటికి వేరే పనేముంది, ఈ కొమ్మ మీద విన్నది ఆ కొమ్మ మీద చెప్పడం. టీకా వేయించుకుంటే మగ జింకలకి కొమ్ములు మొలవవన్నాయి. తోకలు రాలిపోతాయన్నాయి. పొడిచిన చోట ఒక వాసన పుడుతుందని, ఆ వాసన పట్టుకుని పులిగారు సరాసరి గుమ్మంలోకి వస్తారని కూడా అన్నాయి. పులిగారు కొండ మీద ఉంటారు, ఆకలేసినప్పుడు తప్ప పరిపాలనలో జోక్యం చేసుకోరు. మిమ్మల్ని కనుక్కోడానికి ఆయనకి ఇప్పుడేం కష్టంగా ఉందని మృదులమ్మ అడిగితే, దుప్పులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని మేతకి పోయాయి.

కార్యాలయం ప్రచారం కోసం చిలకల్ని పెట్టింది. అవి పొద్దున్న లేచింది మొదలు "సూది పొడిపించు, ఆయుష్షు పెంచు" అని ఒకటే గోల. మీరు పొడిపించుకున్నారా అని ఎవరో కుందేలు అడిగితే, మేం ప్రచార విభాగం, పొడిపించుకునే విభాగం వేరే ఉంటుందని చెప్పాయి.

ఇక లాభం లేదని మృదులమ్మ ఇల్లిల్లూ తిరిగింది. అందరికన్నా ముందు ఎలుగుబంటి బంగారయ్య గుహకి వెళ్ళింది. బంగారయ్య ఔనంటే దక్షిణపు వాడంతా ఔనంటుంది. ఆయన మర్యాద తెలిసినవాడు. రా చెల్లెమ్మా అని కూర్చోబెట్టి, తేనెపట్టు ముక్క చేతిలో పెట్టి, ఆమె చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. తప్పకుండా వస్తానన్నాడు. ఇంటిల్లిపాదినీ తెస్తానన్నాడు. తీరా మర్నాడు చూస్తే చెట్టెక్కి కూర్చున్నాడు. కింద నిలబడి పిలిస్తే, దిగడానికే బయల్దేరానమ్మా, ఈలోగా నడుం పట్టేసిందన్నాడు. ఆ నడుం ఇరవై రోజులు పట్టేసే ఉంది. ఒక్క తేనెపట్టు కనిపించినప్పుడు మాత్రం వదిలేది.

కాదని మొహం మీద చెప్పినవాళ్ళతో పోట్లాడొచ్చు. సరేనని రానివాళ్ళని ఏం చేస్తాం? మృదులమ్మ తలప్రాణం తోకకొచ్చింది.

సన్యాసి మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి ఇసుక గుంట పక్కన కూర్చునేవాడు. అతను ఒకడు. ఇంకా తొమ్మిదిమంది కావాలి. ఒకరోజు ముసలి తాబేలు వచ్చింది, ఇంకోరోజు రెండు ఉడుతలు వచ్చాయి. ఎక్కువలో ఎక్కువ ఆరుగురయ్యారు. మధ్యాహ్నం దాకా చూసి ఆ ఆరుగురూ ఎవరి దారిన వాళ్ళు పోయారు. సన్యాసి లేచి ఒళ్ళు దులుపుకుని, "రేపు వస్తారులే" అనేవాడు. ఆ మాట వింటూ మృదులమ్మ వాగు వైపు చూసేది. వాగు సన్నబడుతోంది. ఇంకో నెల దాటితే అందరూ పాలమడుగు దగ్గరే కలవాలి.

గొట్టం మూత తీసి ఒక్కడికి వేసేద్దామా అని ఒకటి రెండుసార్లు చెయ్యి దాకా వచ్చింది. కానీ ఒక గొట్టం తెరిస్తే తొమ్మిదిమంది మందు మట్టిపాలు. కొత్త ఉద్యోగం, కొత్త భయం. నిబంధన అతిక్రమించడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

అప్పుడు ఆమెకి ఒక చెట్టు నీడ గుర్తొచ్చింది. ఆ నీడ పాలమడుగు పడమటి గట్టున ఉంది. ఏళ్ళతరబడి దాన్ని పట్టించుకున్నవాడు లేడు, రాళ్ళు ఎక్కువని. కిందటేడు కార్యాలయం ఆ నీడ ముఖ్యులకి మాత్రమేనని బోర్డు పెట్టింది. అంతే. ఆ రాళ్ళ మీద కూర్చోడానికి అడవంతా పైరవీలు. ఇదే బంగారయ్య మూడు రోజులు కార్యాలయం చుట్టూ తిరిగి, పక్కగుహవాడికి దక్కకుండా తాను దక్కించుకుని, నాలుగు గంటలు ఆ రాళ్ళ మీద కూర్చుని వీపు గీరుకుపోయి వచ్చాడు. ఆనందంగానే వచ్చాడు.

మృదులమ్మ తిన్నగా కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది. కార్యదర్శి నక్క, ధర్మలింగం. ఆమె చెప్పిన ఉపాయం చిన్నది. టీకా అందరికీ కాదని చెప్పండి. అర్హులైన పెద్దలకే అనండి. సిఫారసు ఉత్తరం ఉంటేనే అనండి. ఉత్తరం కోసం వచ్చినవాళ్ళని కాస్త తిప్పించి అందరికీ ఇచ్చెయ్యండి.

ధర్మలింగం కళ్ళు మెరిశాయి. అందరికీ ఇచ్చెయ్యడం అన్న ముక్క ఆయన చెవిన పడిందో లేదో గాని, తిప్పించడం అన్నది మాత్రం బాగా పడింది. "ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా? ప్రజలకి ఊరికే ఇస్తే అవమానంగా ఉంటుంది" అన్నాడు. లేత టేకాకులు నలిపితే ఎర్రటి రసం వస్తుంది కదా, అందులో పంజా ముంచి ముదురు టేకాకు మీద ముద్ర వేస్తే అదే ఉత్తరమని అప్పటికప్పుడు తేల్చేశాడు.

బోర్డు పెట్టిన మర్నాడు తెల్లారేసరికి బంగారయ్య కార్యాలయం ముందున్నాడు. నడుం పట్టేసిన ఛాయ లేదు. మేం పెద్దలం కామా, మా తాత ఈ అడవిలో ఎన్ని తేనెపట్లు కొట్టాడో తెలుసా అని గుమ్మం అదిరేలా అడుగుతున్నాడు. వెనకాల దుప్పులు, కణుజులు, అడవిపందులు. కొమ్ములు మొలవవన్నవాళ్ళు కొమ్ములతో పొడుచుకుంటూ ముందుకొస్తున్నారు. కొండముచ్చులు అప్పుడే కొత్త కబురు మోస్తున్నాయి: ఈ మందు పొడిపించుకుంటే వందేళ్ళు బతుకుతారట, అందుకే పెద్దవాళ్ళు దాచుకుంటున్నారట. ప్రచార విభాగంవారు కూడా నినాదాలు మానేసి వరసలో నిలబడ్డారు.

ధర్మలింగం ఎవరికీ వెంటనే ఇవ్వలేదు. రేపు రమ్మన్నాడు. అధ్యక్షుడి మాట తెమ్మన్నాడు. అధ్యక్షుడు తన బావమరిది మాట తెమ్మన్నాడు. ఉత్తరం ఎంత ఆలస్యమైతే దానికంత విలువ పెరిగింది. దొరికినవాడు ఆకుని మెళ్ళో కట్టుకుని, దొరకనివాడి గుమ్మం ముందునుంచి చుట్టు తిరిగి మరీ వచ్చేవాడు.

ఇసుక గుంట దగ్గర పది కాదు, ఇరవై, ముప్ఫైమంది. మృదులమ్మకి పట్టరాని సంతోషం. గొట్టం మీద గొట్టం తెరుస్తోంది, ముల్లు మీద ముల్లు మారుస్తోంది. ఆ మొదటి రోజే సన్యాసి వచ్చి వరసలో నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది. భుజం చూపించాడు.

మృదులమ్మ చేతిలో ముల్లు ఉంది, ముల్లు కొసన మందు ఉంది. కానీ అతని మెళ్ళో ఆకు లేదు. వెనక బంగారయ్య మెడ చాచి చూస్తున్నాడు. ఆకు లేనివాడికి వేసిందంటే ఇది అందరికీ వేసే మందేనని తెలిసిపోతుంది. తెలిసిందంటే రేపు ఈ వరస ఉండదు.

"కాస్త పక్కన కూర్చోండి. మనం ఇంట్లోవాళ్ళం, ఎప్పుడైనా వేసుకోవచ్చు" అంది ఆమె, గొంతు తగ్గించి.

సన్యాసి భార్య మాట కాదనేవాడు కాదు. పక్కన కూర్చున్నాడు. బంగారయ్య ముందుకొచ్చి భుజం ఇచ్చాడు.

పోనీ మొగుడికి ఒక ఉత్తరం ఇప్పించుకుందామని ఆ సాయంత్రమే ఆమె ధర్మలింగాన్ని అడిగింది. ఆయన నీళ్ళు నమిలాడు. ఇవ్వడానికేం గాని, టీకా వేసే ఆవిడ మొగుడికే కార్యదర్శి సిఫారసు ఇచ్చాడంటే నలుగురూ ఏమనుకుంటారన్నాడు. స్వంతవాళ్ళకి చేసుకున్నామన్న మాట రాకూడదన్నాడు. బయట ఆయన బావలూ, తోడల్లుళ్ళూ, మేనత్త మనవలూ ఆకులు కట్టుకుని తిరుగుతున్నారు. చివర్లో చూద్దాంలే అన్నాడు. ఆమె కూడా చివర్లో చూద్దాంలే అనుకుంది. ఇసుకలో ఇంకా పాతిక గొట్టాలకి పైనే ఉన్నాయి మరి.

చివర అనుకున్నదానికన్నా ముందొచ్చింది. అడవిలో ఉన్నవాళ్ళు మూడొందలకి లోపే, మందు అందరికీ సరిపోవాలి. కానీ ఒక ఉత్తరం ఉన్నవాడికన్నా రెండు ఉత్తరాలు ఉన్నవాడు గొప్ప కదా. పర్వతాలుగారి బంధువులు రెండు భుజాలకీ పొడిపించుకున్నారు. అది చూసి అడవిపందుల పెద్ద మూడోది తొడకి పొడిపించుకున్నాడు. వద్దంటే ఉత్తరం చూపించేవారు. ఉత్తరం చూశాక కాదనే అధికారం మృదులమ్మకి ఎక్కడుంది? అందరి వంతూ అయ్యాక ఒక సాయంత్రం ఆమె ఇసుకలో చెయ్యి పెట్టి తడిమింది. ఆ చివరా ఈ చివరా తడిమింది. మందు అయిపోయింది.

కొండ అవతలికి కబురు పంపింది. వచ్చే ఏడాది గాని మళ్ళీ తయారవదని కొంగ కబురు తిరిగొచ్చింది. సన్యాసికి మడుగు దగ్గరికి వెళ్ళొద్దని చెప్పి, తనే తామరాకు దొన్నెల్లో నీళ్ళు మోసింది. కానీ ఆమె కూడా ఆ మడుగు నీళ్ళే కదా మొయ్యాలి, ఇంకే నీళ్ళున్నాయి? పన్నెండో రోజున అతని నాలుక మీద మొదటి పుండు లేచింది.

ఆ వేసవి అడవి మొత్తానికి జ్వరం వచ్చింది ఒక్కడికే. కార్యాలయం విజయోత్సవం చేసుకుంది. నూటికి నూరుపాళ్ళు సాధించామని ప్రకటిద్దామనుకుంటే ఈ ఒక్కడూ అడ్డం. అందుకని బోర్డు మీద ఎర్ర ముద్రతో రాశారు: ఎంత నచ్చజెప్పినా టీకా వేయించుకోని ఏకైక మొండివాడు, సన్యాసి.

మృదులమ్మ ఆ బోర్డు చూడలేదు. నీళ్ళకి తప్ప ఇరవై రోజులు ఆమె గుహ దాటలేదు. తడిపిన ఆకు కొసతో చుక్క చుక్కగా అతని నోట్లో నీళ్ళు పిండేది. అతను మింగలేక కళ్ళు మూసుకునేవాడు. నీ చేతిలో మందు పెట్టుకుని పక్కన కూర్చోమన్నావు కదే అని ఒక్కమాట అతను అని ఉంటే ఆమెకి కాస్త తేలికగా ఉండేది. అతను అనలేదు. ఆమె తనని తానే రోజుకి వందసార్లు అనుకుంది, ఏడ్చింది, మళ్ళీ ఆకు తడిపింది.

పరామర్శకి బంగారయ్య వచ్చాడు. మర్యాద తెలిసినవాడని చెప్పానుగా. తేనెపట్టు ముక్క పట్టుకొచ్చాడు, మెళ్ళో ఎండిన టేకాకు గలగలలాడుతోంది. రోగి మొహం చూసి తల అడ్డంగా ఊపాడు. తెలివైన ఇంట్లో పుట్టిన అనుమానం ఇలాగే కొంప ముంచుతుందన్నాడు. అందరం వేయించుకున్నాం, నువ్వు భయపడకుండా ఉండాల్సింది బావా అని సన్యాసికి ధైర్యం చెప్పాడు.

మృదులమ్మ ఒళ్ళంతా ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. "అన్నయ్యా, నిన్ను బతికించింది ఆయనకి వెయ్యని సూది" అంది.

బంగారయ్య నొచ్చుకోలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "సూదిదేముందమ్మా. సూదులన్నీ నీ ఒంటిమీదే ఉన్నాయి, అయినా జ్వరం నీ ఇంటికే వచ్చింది. అడవిలో అందరి మెళ్ళోనూ ఆకుంది, ఈయన మెళ్ళో లేదు. ఇంకా విడమరిచి చెప్పాలా?"

ఆమె ఆకు తడపడానికి లేచింది. దీనికి సమాధానం మీ దగ్గరుంటే చెప్పండి.

సన్యాసి చావలేదు. మొండివాడని బోర్డు మీద ఊరికే రాశారా? తొలకరి పడేసరికి లేచి కూర్చున్నాడు, కాకపోతే వెనక కాలు ఒకటి ఈడుస్తూ నడిచేవాడు, పిల్లికూతలు రెట్టింపయ్యాయి. ఇంకోసారి వస్తే ఉండడని ఈసారి కొంగ డాక్టరు చెప్పక్కర్లేకపోయింది.

ఏడాది తిరిగింది. కిందటేడు వేసిన టీకా గడువు తీరిపోయింది కాబట్టి, కొత్త గొట్టాలు మళ్ళీ ముప్ఫై వచ్చాయి. మృదులమ్మ ఇసుకలో పాతి, ముళ్ళు కడిగి కూర్చుంది. కార్యాలయం దగ్గర మాత్రం తిరునాళ్ళలా ఉంది. ఆకులు ఎండి పొడైపోయాయని, కొత్తవి ఇమ్మని అడవంతా విరగబడింది. ధర్మలింగం రెండు పంజాలతో ముద్రలు వేస్తున్నాడు. ఆకు మెళ్ళో పడగానే ఎవరి మేతకి వాళ్ళు పోతున్నారు. ఇసుక గుంట వైపు చూసినవాడు లేడు. ఆమె వెళ్ళి ఒకరిద్దరిని పిలిచింది. ఉత్తరం దొరికిందమ్మా, ఇంక పోటెందుకు దండగ అన్నారు.

ఆమె తిరిగొచ్చింది. గుంట పక్కన సన్యాసి ఒక్కడే కూర్చుని ఉన్నాడు, కాలు చాపుకుని. ఇంకా తొమ్మిదిమంది రావాలి కదా అని దారి వైపు చూస్తున్నాడు పాపం.

మృదులమ్మ ఒక గొట్టం పైకి తీసింది. పళ్ళతో మూత పీకి అవతల పారేసింది. ఒంటిమీద ముళ్ళన్నిటిలోకీ మంచి ముల్లు ఏరి, మందులో ముంచి, అతని భుజానికి పొడిచింది. అతను అబ్బా అన్నాడు. ఆమె ఆ భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అటుగా కొత్త టేకాకు కట్టుకుని బంగారయ్య పోతున్నాడు. ఆగి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పాపం, ఈ ఏడు కూడా ఉత్తరం దొరకలేదా అమ్మా బావగారికి? మందుతో సరిపెట్టుకుంటున్నారు" అన్నాడు.

నీతి: నమ్మనివాళ్ళ చేత మందు వేయించడం ఏమంత కష్టం కాదు, నమ్మినవాణ్ణి కాస్త పక్కన కూర్చోబెడితే చాలు.